కోటలో మూడో వంతు: ఓస్వాల్ట్ ఫోన్ వోల్కెన్‌ష్టైన్ పాటలూ, పత్రాలూ

మధ్యయుగపు జర్మన్ కవుల్లో అగ్రగణ్యుడైన వాల్టర్ ఫోన్ డేర్ ఫోగెల్‌వైడె జీవితానికి సంబంధించి, సాహిత్యానికి బయట, అతని కాలంలోనే నమోదైన దాఖలా ఒక్కటే మిగిలింది. 1203 నవంబరులో పాసౌ నగరపు బిషప్పు తన ప్రయాణ ఖర్చుల చిట్టాలో, గాయకుడు వాల్టర్‌కు బొచ్చుకోటు కొనుక్కోవడానికి ఇచ్చిన డబ్బును రాయించాడు. ఆ ఒక్క పద్దు తప్పితే అతని గురించి చెప్పే మాటలన్నీ అతని కవితల నుంచి ఊహించినవే.

రెండు శతాబ్దాల తరవాత పుట్టిన ఓస్వాల్ట్ ఫోన్ వోల్కెన్‌ష్టైన్ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అతని జీవితానికి సంబంధించిన దస్తావేజులు, ఉత్తరాలు, పూచీకత్తులు, తీర్పులు, లెక్కల చిట్టాలు ఎన్నో మిగిలాయి. ఆన్టోన్ ష్వోప్, ఆయన సహచరులు వాటిని సేకరించి 1999 నుంచి 2013 మధ్య ఐదు సంపుటాలుగా ప్రచురించారు. ఇవి కాక సుమారు 130 పాటలున్నాయి. వాటిలో చాలాచోట్ల కవి తన పేరును తానే చెప్పుకుంటాడు. భార్య పేరు, అన్నదమ్ముల పేర్లు, శత్రువుల పేర్లు కూడా చెబుతాడు. ఒకే మనిషి గురించి పాటలూ పత్రాలూ ఇంత విస్తారంగా పక్కపక్కన దొరకడం ఆ కాలపు జర్మన్ సాహిత్యంలో చాలా అరుదు.

ఈ సమృద్ధి విమర్శకులకు ఒక చిక్కు తెచ్చిపెట్టింది. పాట ఒకటి చెప్పి పత్రం మరొకటి చెబితే దేన్ని నమ్మాలి? 19వ శతాబ్దంలో ఓస్వాల్ట్ పాటలను మొదటిసారి సంకలనంగా అచ్చువేసిన బేడా వేబర్ పాటలను దినచర్యలా చదివి, వాటి ఆధారంగా జీవితచరిత్ర రాశాడు. 1960ల చివర ఉల్రిష్ మ్యూలర్ వంటి పండితులు ఈ పాటల్లో నిజమెంత, కవిత్వ సంప్రదాయమెంత అన్న ప్రశ్నను పట్టుదలగా అడిగారు. ఆ తరవాతి విమర్శలో పాటలోని ‘నేను’ కవి వేసుకున్న వేషమే అనేవారు కూడా వచ్చారు. అయితే పాటను పత్రంతో సరిచూసి నిజం, అబద్ధం అని గుర్తులు పెట్టడంతో విమర్శ పని పూర్తి కాదు. జీవితంలో ఉన్న ఏ విషయాన్ని పాట పైకి తెచ్చింది, దేన్ని అడుగున తొక్కిపెట్టింది, ఆ మార్పు వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నవి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు. ఓస్వాల్ట్ విషయంలో వీటికి సమాధానం ఒక చిన్న కొండకోట దగ్గర దొరుకుతుంది. ఆ కోటలో అతని వాటా మూడో వంతు.

రెండో కొడుకు

ఓస్వాల్ట్ 1377 ప్రాంతంలో టిరోల్‌లో పుట్టాడు. ఆల్ప్స్ పర్వతాల నడుమ ఉన్న ఆ ప్రాంతపు దక్షిణ భాగం నేడు ఇటలీలో ఉంది. అక్కడి ప్రజల్లో అధికుల భాష ఇప్పటికీ జర్మనే. తండ్రి ఫ్రీడ్రిష్ ఫోన్ వోల్కెన్‌ష్టైన్, ఫిలాండర్స్ అనే పాత వంశపు ఒక శాఖకు చెందినవాడు. తల్లి కాతరీనా ట్రోస్ట్‌బుర్గ్ కోట వారి ఆడపడుచు. ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడు మిఖాయెల్, రెండోవాడు ఓస్వాల్ట్, మూడోవాడు లియోన్‌హార్ట్.

కుటుంబ క్రమంలో రెండో స్థానం ఓస్వాల్ట్ జీవితానికి కీలకం. ఆస్తి పంచుకుంటే వాటా చిన్నది, పంచుకోకపోతే అన్న మీద ఆధారపడాలి. తండ్రి 1400 ప్రాంతంలో చనిపోయాక కూడా పంపకాలు వెంటనే జరగలేదు. 1407లో జరిగిన పంపకంలో ముఖ్యమైన ట్రోస్ట్‌బుర్గ్ కోట అన్నకు వెళ్ళింది. ఓస్వాల్ట్‌కు కొన్ని పొలాల మీద రాబడితో పాటు ష్లెర్న్ కొండ కింద అడవిలో ఉన్న హౌఎన్‌ష్టైన్ కోటలో మూడో వంతు వచ్చింది. మిగతా రెండు వంతుల హక్కు మార్టిన్ యేగర్ అనే మరో ప్రభువుది. కోటను గోడ కట్టి మూడు ముక్కలు చేయడం సాధ్యం కాదు. కాబట్టి అక్కడ ఎవరు కాపురముంటే అనుభవం వారిదే. ఓస్వాల్ట్ మొత్తం కోటను ఆక్రమించి, రైతుల నుంచి రాబడి కూడా తానే వసూలు చేసుకున్నాడు. తరవాతి ఇరవై ఏళ్ళ కష్టాలకు ఇదే మూలం.

ఆ తరం టిరోల్ ప్రభువర్గంలో ఇటువంటి తగాదాలు సామాన్యం. దానికి తోడు, ఆ దేశాన్ని ఏలే హాబ్స్‌బుర్గ్ వంశపు డ్యూక్ నాలుగో ఫ్రీడ్రిష్ స్థానిక ప్రభువుల పాత హక్కులను తగ్గించి పాలనను తన గుప్పిట్లోకి తెచ్చుకోవాలని చూస్తున్నాడు. ‘ఖాళీ జేబు ఫ్రీడ్రిష్’ అని లోకం ఎగతాళి చేసిన ఈ డ్యూక్ నిజానికి గట్టి పట్టుదల గలవాడు. అతన్ని ఎదిరించడానికి ప్రభువులు కూటములు కట్టారు. వోల్కెన్‌ష్టైన్ సోదరులు వాటిలో ఉన్నారు. డ్యూక్ సైన్యం గ్రైఫెన్‌ష్టైన్ కోటను ముట్టడించినప్పుడు సోదరులు ముగ్గురూ లోపలి నుంచి విరుచుకుపడి శత్రువును తరిమిన ఘట్టం మీద ఓస్వాల్ట్ పాట కట్టాడు. అన్న మిఖాయెల్ కేకతో మొదలయ్యే ఆ పాటలో ముగ్గురి పేర్లూ వరసగా వస్తాయి. పంపకాలు ముగిసినా కలిసి కత్తి పట్టిన కుటుంబపు ఉత్సాహం అందులో వినిపిస్తుంది.

ఆత్మకథ అనిపించే పాట

ఓస్వాల్ట్ పాటల్లో ఎక్కువగా చర్చకు వచ్చినది, తన జీవితాన్ని ఏడు చరణాల్లో చెప్పుకున్న దీర్ఘగీతం. అందులోని కథ ఇది. పదేళ్ళ వయసులో లోకం చూడాలన్న కోరికతో, మూడు కాసులూ ఒక రొట్టెముక్కా పట్టుకుని ఇల్లు విడిచాడు. పధ్నాలుగేళ్ళు పరాయి దేశాల్లో తిరిగాడు. గుర్రాలను చూసుకున్నాడు, వంట చేశాడు, నల్లసముద్రంలో ఓడ బద్దలైతే మద్యపు పీపాను పట్టుకుని ఒడ్డుకు చేరాడు. పది భాషలు వచ్చునని చెప్పుకున్నాడు. ఆరగోన్ రాణి తన చేతులతో అతని గడ్డానికి ఉంగరం కట్టింది. ఇప్పుడు వయసు నలభైకి రెండు తక్కువ. ఇక స్థిరపడి పెళ్ళి చేసుకోవాలేమో, కానీ ఆలి అరుపులకూ పిల్లల ఏడుపులకూ భయంగా ఉందంటూ ముగుస్తుంది.

ఇందులో పత్రాలు సమర్థించే అంశాలు లేకపోలేదు. 1415 ఫిబ్రవరిలో కోన్‌స్టాన్స్ మహాసభ సమయంలో రాజు జిగిస్మున్డ్ ఏడాదికి 300 హంగేరియన్ బంగారు నాణేల జీతం మీద అతన్ని కొలువులోకి తీసుకున్నాడు. ఆ ఏడే అతను ఇంగ్లండు, స్కాట్లండు మీదుగా పోర్చుగల్ చేరి, ఉత్తర ఆఫ్రికాలోని సేయుటా పట్టణాన్ని పోర్చుగీసువారు గెలుచుకున్న దండయాత్రలో పాల్గొన్నాడు. ఆరగోన్ రాజవంశపు రాణి మార్గరీతా పెర్పిన్యాన్‌లో అతనికి ఒక బిరుదు పతకం ఇచ్చింది. అతని చిత్రపటంలో ఆ పతకం కనిపిస్తుంది.

అయినా పాట నిర్మాణం చూస్తే అది జ్ఞాపకాల చిట్టా కాదని తెలుస్తుంది. పదేళ్ళ బాలుడు లోకం చూడ్డానికి వెళ్ళాడంటుందే తప్ప, ప్రభువర్గపు కొడుకులను చిన్నప్పుడే మరో వీరుడి దగ్గర శిక్షణకు పంపే ఆచారం గురించి పాట మాట్లాడదు. మూడు కాసులు, రొట్టెముక్క అనేవి కథలో నాయకుడి పేదరికానికి గుర్తులు. ఉంగరం కట్టిన రాణి గొప్పతనం, గుర్రాలు తోమిన బాలుడి దైన్యం పక్కపక్కన నిలిచి ఒకదాన్నొకటి పెంచుతాయి. అన్నిటికన్నా గమనించదగ్గది, 1407 నాటి పంపకం పాటలో లేకపోవడం. తండ్రి మరణం ప్రస్తావనకు వస్తుంది; ఆస్తి రాదు. 1416 ప్రాంతంలో ఈ పాట కట్టేనాటికి హౌఎన్‌ష్టైన్ తగాదా రగులుతూనే ఉంది. తన ప్రభువు ఎదుటా తోటి వీరుల ఎదుటా పాడే పాటలో మూడో వంతు వాటాదారుగా కనిపించడం ఓస్వాల్ట్‌కు ఇష్టం లేదు. ఏ నేలకూ కట్టుబడని మనిషిగా కనిపించడమే ఇష్టం.

చెరసాల, హౌస్మన్ కూతురు

1417లో ఓస్వాల్ట్ ష్వాబియాకు చెందిన మార్గరేటె ఫోన్ ష్వాంగౌను పెళ్ళాడాడు. ఆ వివాహం జరిగిన నాలుగేళ్ళకు, 1421 శరదృతువులో, యేగర్ పక్షంవారు అతన్ని పట్టుకున్నారు. మెరాన్ దగ్గరి ఫోర్స్ట్ కోటలో ఇనుప సంకెళ్ళు వేసి చిత్రహింసలు పెట్టారు. డిసెంబరులో డ్యూక్ ఫ్రీడ్రిష్‌కు అప్పగించారు. డ్యూక్‌కు ఇది కోట తగాదా తీర్చే అవకాశం మాత్రమే కాదు, ఎదురుతిరిగిన ఒక ప్రభువును లొంగదీసుకునే అవకాశం కూడా. 1422 మార్చిలో 6000 బంగారు నాణేల పూచీ మీద, బంధువులు హామీ ఉంటే, అతన్ని తాత్కాలికంగా విడిచిపెట్టారు.

యేగర్ పక్షంలో ఉన్నవారిలో ఆన్నా హౌస్మన్ ఒకతె. బ్రిక్సెన్ పట్టణంలో బడిపంతులైన హన్స్ హౌస్మన్ కూతురు. పాటల ప్రకారం ఆమె ఓస్వాల్ట్ పాత ప్రియురాలు. చెరసాల అనుభవం నుంచి పుట్టిన పాటలన్నిటికీ ఆమే కేంద్రం. ఒకదాంట్లో, పదమూడేళ్ళకు పైగా తాను సేవించిన ప్రియురాలు ఇప్పుడు తన కాళ్ళనూ చేతులనూ ఇనుముతో బిగించిందని, ఇది పాపానికి దేవుడు వేసిన శిక్ష అని అంటాడు. మరొక పాటలో సంసోను, సొలొమోను, అరిస్టాటిల్ మొదలైన మహామహులు ఆడదాని వల్ల ఎలా పతనమయ్యారో వరసగా చెప్పి, ఆ జాబితా చివర తన పేరు చేరుస్తాడు. ఇంకొక చోట, కార్నివాల్ పండగ దగ్గరపడింది, జంటలు కూడుతున్నాయి, ప్రియురాలి దయవల్ల తాను మాత్రం కర్రల మీద కుంటుతున్నానని ఎత్తిపొడుస్తాడు.

ఈ పాటల శక్తిని తక్కువ చేయనక్కరలేదు. సంకెళ్ళ బరువు, ఒరుసుకున్న చర్మం, మరణభయం వంటి శరీరపు నొప్పిని ఇంత నేరుగా చెప్పిన పాటలు అంతకు ముందరి జర్మన్ ప్రేమగీతాల్లో లేవు. అంతవరకూ ప్రేమ బంధనం ఒక అలంకారం; ప్రియుడు ప్రియురాలి ఖైదీ అనడం కవుల పాత మాట. ఓస్వాల్ట్ ఆ పాత మాటను తీసుకుని నిజమైన ఇనుముతో నింపాడు. అందులోని వ్యంగ్యం శ్రోతలకు వెంటనే అంది ఉంటుంది. కవిగా అతని గెలుపు ఇక్కడే ఉంది.

అయితే ఆ గెలుపుకు ఒకరు మూల్యం చెల్లించారు. ఆస్తి తగాదా మొత్తం పాటలో ప్రేమద్రోహంగా మారిపోయింది. రెండు వంతుల హక్కుదారైన యేగర్ వెనక్కి జరిగాడు. డ్యూక్ వెనక్కి జరిగాడు. ఏళ్ళ తరబడి పరుల వాటా అనుభవిస్తున్న ఓస్వాల్ట్ చర్య కూడా వెనక్కి జరిగింది. ముందువరసలో మిగిలింది ఒక్క స్త్రీ. ఆమె నాలుగు వేల మార్కులూ హౌఎన్‌ష్టైన్ కోటా కోరిందని ఒక పాటలో ఓస్వాలే అంటాడు. డబ్బు, కోట అన్న రెండు మాటలతో అసలు తగాదా ఒక్క క్షణం బయటపడుతుంది. కానీ అక్కడ కూడా అది ఒక పక్షం న్యాయమైన దావాగా కాక, ప్రియురాలి అత్యాశగా కనిపిస్తుంది.

విమర్శకులు చాలాకాలం ఈ తీర్పునే తిరిగి రాశారు. ఆమె పేరు కూడా వారికి సరిగ్గా తెలియలేదు. 19వ శతాబ్దపు జీవితచరిత్రల్లో ఆమె ‘సబీనా యేగర్’గా తిరిగింది. వగలాడి, మోసగత్తె, కవిని నాశనం చేసిన సుందరి అన్న వర్ణనలన్నీ ఆ పేరుకు అతుక్కున్నాయి. తరవాత పత్రాలను శోధించినవారు ఆన్నా హౌస్మన్‌ను గుర్తించాక పేరు మారింది గాని, వర్ణనలు అంత తొందరగా వదల్లేదు. ఆమె తన వైపు కథ చెప్పుకున్న పాట లేదు. బడిపంతులు కూతురి కుటుంబానికి వందల ఏళ్ళు పత్రాలను దాచిపెట్టే కోట కూడా లేదు.

ఇక్కడ పత్రాల గురించీ ఒక హెచ్చరిక అవసరం. పాట పక్షపాతి, పత్రం నిష్పాక్షికం అనుకుంటే పొరపాటే. ఓస్వాల్ట్ గురించి ఇన్ని పత్రాలు మిగలడానికి కారణం అతని వంశం నిలవడం. మనుమడు ఫైట్ కాలంలో, 1491లో, మాక్సిమీలియన్ అనుగ్రహంతో రోడెనెగ్ కోట ఈ శాఖకు దక్కింది. ఆ కుటుంబపు పత్రాగారం నేడు న్యూరెంబెర్గ్‌లోని జర్మన్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఆస్తి ఉన్నవారే ఆస్తి పత్రాలు దాచుకుంటారు. శత్రువు వైపు సాక్ష్యం దొరికిన చోట ఓస్వాల్ట్ మరోలా కనిపిస్తాడు. 1429లో అతను తనను పిడికిలితో కొట్టాడని బ్రిక్సెన్ బిషప్పు ఉల్రిష్ పుట్ష్ తన దినచర్యలో రాసుకున్నాడు. బిషప్పుకు దినచర్య ఉంది కనుక ఆ దెబ్బ చరిత్రకెక్కింది.

హౌఎన్‌ష్టైన్ చలికాలం

తగాదా 1427 దాకా సాగింది. ఆ ఏడు ఓస్వాల్ట్ డ్యూక్‌కు తెలియకుండా టిరోల్ దాటిపోవాలని చూసి దొరికిపోయాడు. మళ్ళీ చెర, మళ్ళీ ఒప్పందం. మే 1న పగ తీర్చుకోనని ప్రమాణపత్రం రాసి ఇచ్చాడు. యేగర్ పక్షానికి పరిహారం ఒప్పుకున్నాక హౌఎన్‌ష్టైన్ మొత్తం అతని సొంతమైంది. అనుకున్నది సాధించాడు, డ్యూక్‌కు తలవంచి సాధించాడు.

ఈ చెరకు కొంచెం ముందు కట్టినట్టు భావించే పాట అతని ఉత్తమ రచనల్లో ఒకటి. బార్బరీ, అరేబియా, అర్మేనియా, పర్షియా అంటూ దేశాల పేర్లతో ఊపిరాడనివ్వకుండా మొదలవుతుంది. అన్నీ తిరిగిన ఆ మనిషి ఇప్పుడు చిన్న కొండకోటలో మంచుకు చిక్కుకున్నాడు. ఒకప్పుడు రాజుల మధ్య, రాణుల మధ్య. ఇప్పుడు దూడలు, మేకలు, గాడిదలు, మసిపట్టిన పల్లెజనం. పిల్లల గోలకు చెవులు చిల్లులు పడుతున్నాయి. విసిగి వాళ్ళను కొడితే తల్లి పరుగెత్తుకొచ్చి చీవాట్లు పెడుతుంది.

దీన్ని సంసారపు హాస్యంగా, మధ్యయుగపు కుటుంబ జీవితానికి అరుదైన చిత్రంగా మెచ్చుకోవడం పరిపాటి. అది సమంజసమే. కానీ పాట చివరికి వచ్చేసరికి, తన దేశపు ప్రభువు అసూయాపరుల మాటలు విని తన మీద ఆగ్రహంగా ఉన్నాడన్న ఫిర్యాదు వినిపిస్తుంది. అంతవరకూ నవ్వించిన పాట ఆ మాటతో మరో అర్థం సంతరించుకుంటుంది. మంచు, పిల్లలు, గాడిదలు అతన్ని కోటలో బంధించలేదు; బంధించింది డ్యూక్ కోపం, దాని వెనక ఉన్న ఆస్తి దావా. ఆత్మకథ పాటలోనూ చెర పాటల్లోనూ అణచిపెట్టిన సంగతి ఇక్కడ నవ్వు చాటున పైకి తేలుతుంది. తన అహంకారాన్ని తానే వెక్కిరించుకోవడం మొదలుపెట్టాకే ఓస్వాల్ట్ నిజానికి దగ్గరగా వచ్చాడు. అందుకే ఈ పాట మిగతావాటికన్నా ఎక్కువ కాలం నిలిచే పాట.

పాటలో లేని గొంతులు

ఈ పాటలో చీవాట్లు పెట్టే మార్గరేటె వేరే పాటల్లో ముద్దుపేరుతో వస్తుంది. స్త్రీ పురుషులు రెండు గొంతుల్లో కలిసి పాడే యుగళగీతాల్లో ఆమె భర్తతో సమానంగా వలపు మాటలు పలుకుతుంది. జర్మన్ ప్రేమగీత సంప్రదాయంలో ప్రియురాలు సాధారణంగా పేరులేని పరస్త్రీ. కట్టుకున్న భార్యను పేరు పెట్టి పాడటం కొత్త. ఫ్రెంచి, ఇటాలియన్ బాణీలను తీసుకుని జర్మన్ మాటలు కూర్చడంలో చూపిన సాహసమే ఇక్కడా కనిపిస్తుంది. అయితే ఆ వలపు మాటలూ చీవాట్లూ రెండూ ఓస్వాల్ట్ రాసినవే.

మార్గరేటె సొంత మాటలు ఆమె ఉత్తరాల్లో ఉన్నాయి. భర్త చివరి ఏడాది ఆమె రాసిన ఉత్తరాల్లో యుగళగీతాల నాయిక కనిపించదు. కోట వ్యవహారాలు తెలిసిన, శత్రువుల కదలికలు గమనించే, భర్త క్షేమం గురించి ఆందోళన పడే గృహిణి కనిపిస్తుంది. కూతురు మరియా బ్రిక్సెన్‌లో క్లారా మఠంలో సన్యాసిని. 1450లలో బిషప్పుగా వచ్చిన సుప్రసిద్ధ తత్త్వవేత్త కూసా నికోలాస్ మఠ నియమాలను కఠినం చేయబోతే ఎదిరించినవారిలో ఆమె ముఖ్యురాలు. సాయం కోరుతూ అన్నదమ్ములకు ఉత్తరాలు రాసింది. తండ్రి పాటలో కోట నిండా గోల చేసిన పిల్లల్లో ఒకరి గొంతు పాతికేళ్ళ తరవాత ఇలా విడిగా వినబడుతుంది. ఈ ఇద్దరూ వోల్కెన్‌ష్టైన్ కుటుంబంవారు కనుక వారి ఉత్తరాలు మిగిలాయి. ఆన్నా హౌస్మన్‌కు ఆ అదృష్టం లేకపోయింది.

తన రూపం ఎలా మిగలాలన్న విషయంలో ఓస్వాల్ట్ చాలా జాగ్రత్తపడ్డాడు. 1408లోనే పొడవాటి గడ్డంతో, చేత జెండాతో యాత్రకు బయలుదేరే వీరుడిగా తనను బ్రిక్సెన్‌లో రాతి ఫలకం మీద చెక్కించుకున్నాడు. పాటలను స్వరాలతో సహా చర్మపత్రాల మీద రెండుసార్లు గ్రంథంగా రాయించాడు; వాటిలో ఒకటి వియన్నాలో, 1432 నాటిది ఇన్స్‌బ్రుక్‌లో ఉన్నాయి. ఇన్స్‌బ్రుక్ ప్రతి మొదట్లోని చిత్రపటంలో అతను మెడలో పతకాలతో, కుడికన్ను మూసుకుపోయి, బరువైన ముఖంతో కనిపిస్తాడు. జర్మన్ కవుల్లో పోలికలు ఉన్నవున్నట్టు చిత్రించిన తొలి పటాల్లో అది ఒకటి. ఆ కన్ను పోవడం గురించి చాలా కథలు పుట్టాయి. అతను 1445 ఆగస్టు 2న మెరాన్‌లో చనిపోయాడు. నోయ్‌ష్టిఫ్ట్ మఠంలో పాతిపెట్టారు. అక్కడ 1973లో బయటపడిన ఎముకలను పరీక్షించినప్పుడు కుడి కంటిగూడు చిన్నదని, లోపం పుట్టుకతో వచ్చిందని తేలింది. కథలు ఎముక ముందు నిలవలేదు.

కానీ అన్ని ప్రశ్నలకూ ఎముకలు జవాబు చెప్పలేవు. 1977లో వచ్చిన డీటర్ క్యూన్ జీవితచరిత్ర ఓస్వాల్ట్‌ను విద్వాంసుల గదుల నుంచి సాధారణ పాఠకుల్లోకి తెచ్చింది. ఆ తరవాత అతని పాటలు కచేరీల్లోకి, రికార్డుల్లోకి వచ్చాయి. నేడు వాటిని వినేవారికి ఆ గొంతులోని ఉద్ధతి, హాస్యం, నొప్పి సులువుగా అందుతాయి. అవి అందడం మంచిదే. ఆ పాటల్లో ‘నేను’ అన్న మాట వచ్చినప్పుడల్లా దాని వెనక మూడో వంతు వాటా ఉందని, ‘ఆమె’ అన్న మాట వెనక తన తరఫున పాడేవారు లేని ఒక బడిపంతులు కూతురు ఉందని గుర్తుంచుకుంటే వాటి అందం తగ్గదు. సంకెళ్ళ పాటను మెచ్చుకుంటూనే, అందులో ఇచ్చిన తీర్పును తీర్పుగా అంగీకరించకుండా ఉండటం సాధ్యమే. ఐదు సంపుటాల పత్రాలు విమర్శకుడికి ఇచ్చిన ముఖ్యమైన స్వేచ్ఛ ఇదే.